గోల్డెన్ యారో 1/24 స్కేలు: మొదటి బాడీ పక్కన పడేశాను, ఆకృతి గురించి సలహా కావాలి

ఉక్కునగరం
నవంబరు 9, రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. ఈ వేదికలో ఓడల మోడళ్ళ గురించీ విమానాల మోడళ్ళ గురించీ ఎంతో చదివాను గానీ, నేలమీద వేగపు రికార్డు కోసం కట్టిన పాత కార్ల గురించి ఎవరూ రాసినట్టు కనబడలేదు. నేను ఎంచుకున్నది 1929 నాటి గోల్డెన్ యారో. ఆ ఏడాది మార్చి 11న హెన్రీ సీగ్రేవ్ దీన్ని అమెరికాలోని డేటోనా బీచ్ ఇసుక మీద గంటకు 231.45 మైళ్ళ వేగంతో, అంటే మన లెక్కలో సుమారు 372 కిలోమీటర్ల వేగంతో నడిపాడు. డిజైన్ కెప్టెన్ జాన్ ఇర్వింగ్‌ది, బాడీ కట్టింది థ్రప్ అండ్ మేబర్లీ సంస్థ. ఇంజను నేపియర్ లయన్: పన్నెండు సిలిండర్లు, 23.9 లీటర్లు, 925 హార్స్‌పవర్.

కిట్ కొనకుండా అన్నీ చేత్తోనే చేయాలని నియమం పెట్టుకున్నాను. అసలు కారు ఎనిమిది మీటర్లకు మించిన పొడవు కాబట్టి 1/24 స్కేలులో మోడల్ సుమారు 35 సెంటీమీటర్లు వస్తుంది, షోకేసులో పడుతుంది. గుమ్మడి టేకు పలకలను ఒకదానిపై ఒకటి జిగురుతో అతికించి, చిత్రిక పట్టి, ఆకురాయితో రుద్ది, మూడు నెలలు కష్టపడి బాడీని ఒక రూపానికి తెచ్చాను. తీరా చక్రాలు ఆనించి చూస్తే ముందుభాగం కప్ప నోరులా వెడల్పుగా, నడుము పీలగా కనబడింది. ఫొటోల నుంచి తీసిన ప్రతి కొలతా రెండుసార్లు సరిచూసుకున్నాను. ఒక్కొక్క కొలత విడిగా చూస్తే సరిగ్గానే ఉంది, అన్నీ కలిపితే మాత్రం ఆ కారు కాదు. లోపం ఎక్కడుందో అనుభవమున్నవారు చెప్పగలరా?


గాజువాక లేత్
నవంబరు 9, రాత్రి 10:15

మాస్టారూ, కొలతలు ఏ ఫొటోల నుంచి తీశారు, వాటిని ఎంత దూరం నుంచి తీసి ఉంటారు? లేత్ మీద వెర్నియర్ తప్పు చెప్పదు గానీ, ఫొటో మీద పెట్టిన స్కేలు మాత్రం ధైర్యంగా అబద్ధం చెబుతుంది.


కైలాసగిరి
నవంబరు 10, ఉదయం 7:05

నా అభిప్రాయం సూటిగా చెబుతాను, ఏమీ అనుకోవద్దు. కంప్యూటరులో త్రీడీ డ్రాయింగు వేసి ప్రింటు తీయించుకుంటే ఈ బాధంతా ఉండదు. మూడు నెలల పని మూడు రోజుల్లో అయిపోతుంది.


ఉక్కునగరం
నవంబరు 10, సాయంత్రం 6:30

కైలాసగిరి గారూ, డ్రాయింగు వేయాలన్నా ఆకృతి ముందు తెలియాలి కదా. నా దగ్గర లేనిది అదే. తప్పు కొలతలు ఇస్తే ప్రింటరు అదే కప్ప నోటిని మరింత నున్నగా చేసి చేతికిస్తుంది.

లేత్ గారూ, వాడినవి ముఖ్యంగా రెండు ఫొటోలు. ఒకటి పక్క నుంచి తీసినది, చక్రాలు స్పష్టంగా కనిపిస్తాయి. దాని నుంచి ఎత్తులన్నీ చక్రం వ్యాసంతో పోల్చి తీసుకున్నాను. రెండోది ఎదురుగా కాస్త దగ్గర నుంచి తీసినది, వెడల్పులన్నీ దాని నుంచి వచ్చాయి.


లాఫ్ట్ మేస్త్రి
నవంబరు 10, రాత్రి 8:50

ఉక్కునగరం గారికి నమస్కారం. నేను ఓడల నిర్మాణంలో లాఫ్ట్ విభాగంలో, అంటే ఓడ ఆకృతిని గీసే చోట, చాలా ఏళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. కార్ల గురించి నాకు తెలిసింది తక్కువే అయినా, మీరు చెప్పిన జబ్బు మాత్రం నాకు బాగా తెలిసినదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు పక్క ఫొటో సంగతి చూద్దాం. కెమెరా నుంచి దగ్గరి చక్రం ఆరు మీటర్ల దూరంలో ఉందనుకోండి. బాడీ నడిరేఖ, అంటే బానెట్ పైగీత ఉండే చోటు, ఆ చక్రం కంటే ఇంకో ముప్పావు మీటరు వెనక ఉంటుంది. ఆరును ఆరుముప్పావుతో భాగిస్తే 0.89 వస్తుంది. అంటే చక్రాన్ని కొలబద్దగా పెట్టుకుని తీసిన బానెట్ కొలతలన్నీ నిజానికి ఉండవలసినదానికంటే సుమారు నూటికి పదకొండు వంతులు తక్కువగా వస్తాయి. మీ నడుము పీలగా రావడానికి కారణం ఇదే. ఎదుటి ఫొటోలో దీనికి వ్యతిరేకం జరుగుతుంది. కెమెరా ముక్కుకు అయిదు మీటర్ల దూరంలో ఉంటే తోక పదమూడు మీటర్ల దూరంలో ఉంటుంది, కాబట్టి అదే వెడల్పు ముక్కు దగ్గర తోక దగ్గరకంటే రెండున్నర రెట్లకు మించి పెద్దదిగా కనిపిస్తుంది. మీ కప్ప నోరు అక్కడ పుట్టింది. ఒక ఫొటో ఎత్తును తగ్గించింది, మరొకటి వెడల్పును పెంచింది, మీరు రెండింటినీ నమ్మారు.

ఇక విరుగుడు. ఓడ పొట్టును గీసేటప్పుడు మేము మూడు చిత్రాలు ఒకేసారి గీస్తాం: పక్క నుంచి చూసిన రూపం, పై నుంచి చూసిన సగం వెడల్పు, అడ్డంగా కోసిన కోతలు. వీటిలో ఏ ఒక్కటీ స్వతంత్రం కాదు. పక్క చిత్రంలో ఒక బిందువుకు ఎంత ఎత్తు ఉందో, కోత చిత్రంలోనూ ఆ బిందువుకు అంతే ఎత్తు ఉండాలి. పై చిత్రంలో ఎంత వెడల్పు ఉందో కోతలోనూ అంతే ఉండాలి. ఒకచోట గీతను సరిచేస్తే మిగతా రెండు చోట్లా దాని ఫలితం చూసుకుని, అక్కడ గీత ఎగుడుదిగుడైతే మళ్ళీ వెనక్కు రావాలి. ఇలా తిరగగా తిరగగా మూడూ ఒకదానితో ఒకటి రాజీపడే స్థితి వస్తుంది. మేము దీన్నే ఫెయిరింగ్ అంటాం. కంప్యూటర్లు రాకముందు లాఫ్ట్ నేల మీద ఓడను అసలు సైజులోనే గీసేవారు. పొడవైన కర్ర బద్దను బిందువుల వెంట వంచి, సీసపు బరువులతో నొక్కిపెట్టి, నేలకు చెంప ఆనించి ఒక కన్ను మూసి బద్ద వెంట చూసేవారు. కొలతలో దొరకని మిల్లీమీటరు తప్పు ఆ చూపుకు దొరికిపోయేది.

మీ మోడల్‌కు పదకొండు కోతలు చాలు. ముక్కు దగ్గర, డ్రైవరు వెనక దగ్గరదగ్గరగా పెట్టుకోండి, మధ్యలో దూరంగా ఉన్నా ఫరవాలేదు. చెక్క ముట్టుకునే ముందు కాగితం మీద మూడు చిత్రాలూ కలవాలి. ఒక్క మాట గుర్తుంచుకోండి: 1/24లో మీరు చేసే ఒక మిల్లీమీటరు తప్పు అసలు కారు మీద దాదాపు ఒక అంగుళం.


ఉక్కునగరం
నవంబరు 17, రాత్రి 10:20

మేస్త్రి గారూ, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. పాత బాడీని అటక మీద పెట్టేశాను. వారం రోజులుగా డ్రాయింగు షీటు మీద మూడు చిత్రాలూ గీస్తున్నాను. వంచడానికి బద్ద ఏదీ దొరకక కొబ్బరి ఈనెలు ఎండబెట్టి వాడాను, నొక్కిపెట్టడానికి పాత తూకపు రాళ్ళు పెట్టాను. చక్కగా వంగాయి గానీ తోకవైపు గీత ఎంతకూ కుదరడం లేదు. ఎన్నిసార్లు గీసినా వంపు ఒక చివరకే పోగవుతోంది.


లాఫ్ట్ మేస్త్రి
నవంబరు 18, ఉదయం 6:10

ఈనె మొదట లావుగా, చివర సన్నగా ఉంటుంది. సన్నగా ఉన్నచోట ఎక్కువ వంగుతుంది, కాబట్టి మీరు గీసినది కారు గీత కాదు, ఈనె గీత. బద్ద మొదటి నుంచి చివరి దాకా ఒకే మందంలో ఉండాలి. మన దగ్గర దొరికే వాటిలో పాత స్టీలు కొలత టేపు నుంచి అంచు పొడవునా సన్నగా కత్తిరించిన పట్టీ పనికొస్తుంది. లేదంటే ప్లాస్టిక్ షీటు నుంచి రెండు మిల్లీమీటర్ల పట్టీ కోసుకోండి. టేపు కత్తిరించేటప్పుడు చేతులు జాగ్రత్త.


సింహాచలం సంపెంగ
నవంబరు 18, మధ్యాహ్నం 1:30

నేను మామూలుగా చదివి ఊరుకునే సభ్యురాలిని. ఈ చర్చ చూశాక చెప్పక తప్పడం లేదు. గోల్డెన్ యారో ఇప్పటికీ ఇంగ్లండులో బ్యూలీలోని నేషనల్ మోటార్ మ్యూజియంలో ఉంది కదా. మా అమ్మాయి సౌతాంప్టన్‌లో చదువుకుంటోంది, అక్కడి నుంచి ఆ ఊరు దగ్గరే. వచ్చే వారాంతంలో వెళ్ళి ఫొటోలు తీసి పంపగలనంటోంది. ఏ కోణాల నుంచి, ఎలా తీయాలో రాసి ఇస్తే ఆమెకు పంపిస్తాను.


ఉక్కునగరం
నవంబరు 18, సాయంత్రం 7:15

అమ్మా, మీరు చేస్తున్న సాయం మామూలుది కాదు. మేస్త్రి గారు చెప్పిన లెక్క ప్రకారం దూరమే ముఖ్యం కాబట్టి, హాలులో ఎంత వెనక్కు వెళ్ళగలిగితే అంత వెనక్కు వెళ్ళి జూమ్ చేసి తీయమనండి. కెమెరా ఎత్తు చక్రం ఇరుసు ఎత్తులో ఉండాలి. పక్క నుంచి ఒకటి, ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి. తరువాత చక్రాల మధ్యనున్న పక్క పెట్టెల దగ్గరి ఫొటోలు, డ్రైవరు ముందు బానెట్ మీద ఉన్న గురి పరికరం ఫొటో. అందం అక్కర్లేదు, నిటారుగా ఉంటే చాలు.


డాల్ఫిన్ కొండ
నవంబరు 19, రాత్రి 9:00

చిన్న సందేహం. బీచ్ మీద పరుగెత్తిన కారే కావాలనుకుంటే బాబ్స్ ఎందుకు తీసుకోలేదు? దాని కథ ఇంకా గొప్పది. 1926 ఏప్రిల్‌లో ప్యారీ థామస్ వేల్స్‌లోని పెండైన్ ఇసుక మీద దానితో 171 మైళ్ళ వేగం దాటాడు. 1927 మార్చి 3న ఆ రికార్డును మళ్ళీ దక్కించుకోబోయి అదే కారులో ప్రాణం పోగొట్టుకుంటే, కారును అక్కడే ఇసుకలో పాతిపెట్టారు. 1969లో తవ్వి తీసి బాగుచేశారు. చెయిన్లూ కనిపిస్తాయి, చేత్తో చేయడానికి బోలెడంత పని.


ఉక్కునగరం
నవంబరు 19, రాత్రి 10:05

బాబ్స్ నాకూ ఇష్టమే. కానీ నలభై రెండేళ్ళు ఇసుకలో ఉన్న కారును బాగుచేసేటప్పుడు కొంత భాగం కొత్తగా కట్టక తప్పదు. అప్పుడు నేను చేసే మోడల్ 1926 నాటి కారుదా, 1927 నాటిదా, బాగుచేసిన తరువాతిదా అని ప్రతి రేకు దగ్గరా ఆగి తేల్చుకోవాలి. గోల్డెన్ యారోకు ఆ చిక్కు లేదు. అది పుట్టిన దగ్గర నుంచి మొత్తం పరుగెత్తింది ఇరవై మైళ్ళలోపే. రికార్డు అందింది, ఇక దానికి పని లేకపోయింది. మరుసటి ఏడాది జూన్‌లో విండర్‌మియర్ సరస్సు మీద పడవ వేగపు రికార్డు ప్రయత్నంలో సీగ్రేవ్ కూడా పోయాడు. కాబట్టి మ్యూజియంలో నిలబడి ఉన్నది దాదాపు డేటోనాలో పరుగెత్తిన రూపమే. కొత్తగా నేర్చుకునేవాడికి ఇంతకంటే నిజాయితీ గల నమూనా దొరకదు.


గాజువాక లేత్
నవంబరు 23, రాత్రి 8:30

బాడీ సంగతి మేస్త్రి గారు చూసుకుంటున్నారు కాబట్టి నేను చక్రాల సంగతికి వస్తాను. ఏ పదార్థంతో చేయాలనుకుంటున్నారు? నాకు తెలిసినంతలో నల్ల నైలాన్ కడ్డీ మంచిది. లేత్ మీద శుభ్రంగా తెగుతుంది, రంగు వేయనవసరం లేదు, సన్నని ఎమరీ పేపరు పట్టిస్తే మెరుపు చచ్చి అచ్చం రబ్బరులా కనిపిస్తుంది. టైరు మీద గాళ్ళు చెక్కే ఆలోచన ఉంటే మానుకోండి. ఆ వేగాల్లో చక్రం తిరిగేటప్పుడు పైపొర విసురుకు ఊడిపోకుండా ఉండాలని రికార్డు కార్ల టైర్లకు రబ్బరు పొర చాలా పలచగా వేసేవారు. నున్నగా వదలడమే సరైనది.


ఏటికొప్పాక అభిమాని
నవంబరు 24, ఉదయం 8:10

నైలాన్ మంచిదే. అయినా మన జిల్లాల మధ్య వరాహ నది ఒడ్డున లక్కబొమ్మల ఊరు పెట్టుకుని చక్రాలకు నైలాన్ కడ్డీ వెతుక్కోవడం నాకు మనసొప్పడం లేదు. అంకుడు కర్రకు రేఖలు దాదాపు కనిపించవు, మెత్తగా తెగుతుంది, పగుళ్ళు తక్కువ. తరిమెన మీద తిరుగుతున్నప్పుడే లక్క కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి కరిగి కర్రకు పట్టేస్తుంది, బ్రష్షు అక్కర్లేదు, రంగు అంచు గీత గీసినట్టు వస్తుంది. నల్ల లక్కతో టైరు, దాని లోపల మరో రంగుతో చక్రం మూత ఒకే బిగింపులో చేయించుకోవచ్చు.


గాజువాక లేత్
నవంబరు 24, ఉదయం 8:45

లక్కబొమ్మ మెరుస్తుంది సార్. మెరిసే టైరు పెడితే కారు ఉయ్యాల తొట్టికి వేలాడదీసేలా ఉంటుంది.


ఏటికొప్పాక అభిమాని
నవంబరు 24, ఉదయం 9:20

మెరుపు వచ్చేది మొగలి ఆకుతో చివర తుడిచినప్పుడు. ఆ తుడుపు మానేసి, ఆరాక సన్నని ఉప్పుకాగితం ఒక్కసారి ఆనిస్తే మెరుపు పోతుంది. నేను చేయించి చూసే మాట్లాడుతున్నాను.


ఉక్కునగరం
డిసెంబరు 1, రాత్రి 9:50

ఇద్దరి మాటా విన్నాను. టైర్లు నైలాన్‌తో, చక్రాల మూతలు అంకుడుతో చేయాలని తేల్చుకున్నాను. ఆ ఊరు వెళ్ళి ఒక కళాకారుడి దగ్గర కూర్చుని ఎనిమిది మూతలు చేయించుకుని వచ్చాను, నాలుగు వాడకానికి, నాలుగు నా చేతి తప్పులకు.

సంపెంగ గారి అమ్మాయి పంపిన ఫొటోలు అందాయి. నలభై ఒకటి! అందులో పక్క నుంచి తీసినదాన్ని మేస్త్రి గారి లెక్కతో సరిచేసి గీస్తే బానెట్ ఎత్తు నా పాత డ్రాయింగు కంటే దాదాపు పదోవంతు పెరిగింది. కొత్త పట్టీతో తోక గీత కూడా కుదిరింది. ఇప్పుడు చిక్కు ముందు బానెట్ మీది మూడు మూపురాలతో వచ్చింది. అవి ఎక్కడ మొదలై ఎక్కడ కలిసిపోతాయో మ్యూజియం దీపాల మెరుపులో ఫొటోల్లో తేలడం లేదు.


గాజువాక లేత్
డిసెంబరు 2, రాత్రి 9:15

మూపురాలు అందానికి పెట్టినవి కావు, కింద ఉన్న ఇంజను చెప్పినట్టు బాడీ విన్నది. నేపియర్ లయన్‌లో పన్నెండు సిలిండర్లు మూడు వరుసలు. నడి వరుస నిటారుగా ఉంటుంది, మిగతా రెండూ చెరో వైపు 60 డిగ్రీలు వాలి ఉంటాయి. ఎదుటి నుంచి చూస్తే బాణం ములికిలా ఉంటుంది. ఒక్కో వరుసకు ఒక్కో మూపురం. అందుకని ఫొటోలో కనబడని చోట ఇంజను కొలతలను అడగండి, అవి సమాధానం చెబుతాయి.

సిలిండరు వ్యాసం 5.5 అంగుళాలు, పిస్టన్ నడక 5.125 అంగుళాలు. పన్నెండింటికి లెక్కవేస్తే మీరు రాసిన 23.9 లీటర్లు సరిగ్గా వస్తాయి, చూసుకోండి. మీ స్కేలులో వ్యాసం 5.8 మిల్లీమీటర్లు. వరుసకు నాలుగే సిలిండర్లు కాబట్టి, గోడల మందం వదిలేసినా నాలుగింటికీ కలిపి 23 మిల్లీమీటర్ల పైచిలుకు కావాలి. ముందూ వెనకా గేర్లకూ గొట్టాలకూ చోటు కలుపుకోండి. మూపురం నిండు ఎత్తులో ఉండవలసిన పొడవు కనీసం అంత. దానికి అటూ ఇటూ అది నెమ్మదిగా దిగిపోతుంది. ఇదే వి ఆకారపు పన్నెండు సిలిండర్ల ఇంజను అయితే వరుసకు ఆరు వచ్చేవి, ఇంజను ఇంకా పొడవయ్యేది. పొట్టి ఇంజను కాబట్టే ముక్కును అంత వాడిగా చెక్కడానికి ఇర్వింగ్‌కు చోటు దొరికిందని నా ఊహ.


కైలాసగిరి
డిసెంబరు 2, రాత్రి 9:40

అలాగైతే ఇంజను కూడా చేసి బానెట్ తెరుచుకునేలా పెట్టవచ్చు కదా?


ఉక్కునగరం
డిసెంబరు 3, రాత్రి 8:20

పెట్టవచ్చు. కానీ బానెట్ తెరుచుకోవాలంటే రేకు మందం అర మిల్లీమీటరుకు తక్కువ కాకుండా ఉంచాలి, అతుకు గీత కనబడుతుంది, మూడు మూపురాల వంపు అక్కడ తెగిపోతుంది. ఇంత శ్రమ పడుతున్నది ఆ వంపు కోసమే. ఇంజను విడిగా ఎప్పుడైనా చేస్తాను, ఈ మోడల్‌కు బానెట్ మూసే ఉంటుంది.

లేత్ గారి లెక్క వేసి చూశాను. నేను మూపురం నిండు ఎత్తులో ఉండే పొడవును 19 మిల్లీమీటర్లకే ఆపేశాను. అంటే నా బానెట్ కింద లయన్ ఇంజను పట్టదు! మళ్ళీ మూడు చిత్రాలూ సరిచేసుకున్నాను. మేస్త్రి గారు చెప్పినట్టే, ఒకచోట గీత జరిపితే మరో రెండు చోట్ల పని పడింది.


లాఫ్ట్ మేస్త్రి
డిసెంబరు 4, ఉదయం 6:30

సంతోషం. లోపలి సామాను పట్టకపోతే పొట్టు తప్పని ఓడల్లోనూ అంటాం.

చక్రాల మధ్యనున్న పక్క పెట్టెల గురించి ఒక ప్రశ్న. వాటిని మీరు నున్నటి పలకల్లా గీశారు. అవి దేనికి ఉన్నాయి?


ఉక్కునగరం
డిసెంబరు 4, రాత్రి 9:00

చల్లదనానికి. ముక్కులో రేడియేటరుకు రంధ్రం పెడితే గాలి అడ్డు పెరుగుతుంది కాబట్టి రేడియేటర్లను ఆ పెట్టెల పైతలం మీదికే తెచ్చారు, ఇంజను నీటిని మంచు పెట్టెల గుండా తిప్పారు. రికార్డు పరుగు నిమిషాల పనే కాబట్టి మంచు కరిగిపోయేలోపు పని అయిపోతుంది. ఆలోచించిన కొద్దీ ముచ్చటేస్తుంది. మీ ప్రశ్నలోని మందలింపు అర్థమైంది: రేడియేటరు తలం మామూలు రేకులా ఉండకూడదు. అమ్మాయి తీసిన దగ్గరి ఫొటోలు చూసుకుంటూ పలచని అల్యూమినియం రేకును విడిగా గీతలు నొక్కి అతికిస్తాను. శీతలపానీయం డబ్బా రేకు ఇందుకు సరిపోతుంది, ముందు గ్యాసు మంట మీద ఒక్క క్షణం చూపిస్తే మెత్తబడి గీత పగలకుండా దిగుతుంది.

సీటు విషయంలోనూ ఒక మాట. ఇంజను నుంచి వెనక చక్రాలకు శక్తి రెండు షాఫ్టుల ద్వారా వెళ్ళేది, డ్రైవరుకు చెరో పక్కన ఒకటి. ఒకే షాఫ్టు నడిమధ్యగా వెళ్ళి ఉంటే అతను దాని మీద కూర్చోవలసి వచ్చేది. రెండు పెట్టడంతో సీటు కిందికి దిగింది. కాబట్టి మనిషి బొమ్మ పెడితే తల అంచు దాటి ఎంత పైకి రావాలన్నది ఫొటోలోని సీగ్రేవ్‌ను చూసే తేల్చాలి. మొదటి మోడల్‌లో నా సీగ్రేవ్ ఎడ్లబండి తోలుతున్నట్టు కూర్చున్నాడు.


డాల్ఫిన్ కొండ
డిసెంబరు 14, రాత్రి 9:30

బానెట్ మీది గురి పరికరం ఎలా చేస్తున్నారు?


ఉక్కునగరం
డిసెంబరు 15, రాత్రి 8:40

ఇంజెక్షన్ సూదులతో. 18 గేజి సూది బయటి వ్యాసం 1.27 మిల్లీమీటర్లు, 22 గేజిది 0.72, 26 గేజిది 0.46. ఇన్ని వ్యాసాల్లో సన్నటి గొట్టాలు మందుల దుకాణంలో ఇంత తేలికగా దొరుకుతుంటే వేరే వెతకనవసరం లేదు. కొత్తవే కొని, మొనను ముందుగా ఆకురాయితో అరగదీసేయాలి. సీగ్రేవ్ ఆ పొడవైన బానెట్ మీదుగా బీచ్ చివరకు గురి చూసుకుంటూ, కారు ఏటవాలుగా సముద్రం వైపో ఇసుక తిన్నెల వైపో జరగకుండా నడిపాడు. తుపాకీ మీద ఉండే సాధనం కారు మీద కనబడేది ఇక్కడే అనుకుంటాను. చూసేవాళ్ళు ముందుగా అడిగేదీ దాని గురించే కాబట్టి అది సరిగ్గా నడిరేఖ మీద కూర్చోవాలి.


ఉక్కునగరం
జనవరి 11, సాయంత్రం 5:30

కొత్త బాడీ చెక్కడం పూర్తయింది. పదకొండు కోతలకూ రేకు అచ్చులు కోసుకుని, ప్రతి కోత దగ్గరా అచ్చు ఆనించి, వెనక దీపం పెట్టి సందులోంచి వెలుగు రాకుండా పోయేదాకా రుద్దాను. ఇక రంగు. పేరులోనే బంగారం ఉంది, మన ఊరి గాలిలో తేమ ఉంది. ఆటోనగర్‌లో కార్లకు వేసే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకరు ఒక ముక్క మీద వేసి చూస్తే ఆరేసరికి తెల్లగా బూజు పట్టినట్టు అయింది. ఉత్సవ వాహనాలకు పూసే బంగారు పొడిని వార్నిషులో కలిపి ఇంకో ముక్క మీద వేశాను. మొదట దివ్యంగా ఉంది, నెల తిరక్కముందే అంచుల వెంట నల్లబడింది.


గాజువాక లేత్
జనవరి 11, రాత్రి 9:10

ఆ పొడి ఇత్తడి పొడి సార్. ఉప్పుగాలి తగిలితే నల్లబడక ఏం చేస్తుంది? పైన క్లియర్ కోటు దట్టంగా కొడితే కొంతకాలం ఆగుతుంది గానీ నమ్మకం లేదు.

లాకరు తెల్లబారడానికి కారణం థిన్నరు మరీ వేగంగా ఎగిరిపోవడం. అది ఎగిరిపోతూ తలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ ఆ చల్లటి తలం మీద నీరై కూర్చుంటుంది. మెల్లగా ఆరే రిటార్డరు థిన్నరు కొంచెం కలపండి, పొరలు పలచగా కొట్టండి. సంక్రాంతి వెళ్ళాక ఎండ బాగా కాసిన రోజు చూసుకుని మధ్యాహ్నం పన్నెండు, మూడు మధ్య కొడితే తేమ బాధ తగ్గుతుంది. పొద్దునా సాయంత్రం ముట్టుకోవద్దు.

ఇంకొకటి. కార్లకు వాడే బంగారు మెటాలిక్‌లో మెరుపు రేణువులు పెద్దవి. మీ స్కేలులో ఒక్కో రేణువు కాలిమువ్వంత కనిపిస్తుంది. దుకాణంలో అడిగి అన్నిటికంటే సన్నటి రేణువు ఉన్న రకం తీసుకోండి. కింద ముదురు పసుపు పొర వేస్తే బంగారం పలచగా కొట్టినా నిండుగా కనబడుతుంది.


ఏటికొప్పాక అభిమాని
జనవరి 12, ఉదయం 7:50

పీఠం ఆలోచన ఏమిటి? డేటోనా బీచ్ చూపించడానికి భీమిలి ఇసుక అతికిస్తే ఎలా ఉంటుంది? మన సముద్రం, వాళ్ళ రికార్డు.


ఉక్కునగరం
జనవరి 12, రాత్రి 9:25

నాకూ మొదట ఆ కోరికే కలిగింది. తెచ్చి చూశాను. భీమిలి ఇసుకలో ఇల్మనైటు, గార్నెటు వంటి బరువైన ఖనిజాల వల్ల నల్లటి, ఎర్రటి రేణువులు కలిసి ఉంటాయి. అది డేటోనా ఇసుక రంగు కాదు. అంతకంటే పెద్ద చిక్కు పరిమాణం. పావు మిల్లీమీటరు రేణువు 1/24లో ఆరు మిల్లీమీటర్ల గులకరాయి అవుతుంది. గులకరాళ్ళ మీద 372 కిలోమీటర్ల వేగంతో పోయేవాడు సీగ్రేవ్ కూడా కాదు.

మా ఇంటావిడ సూచన మీద ముగ్గు పిండిని పలచటి గుడ్డలో వస్త్రగాళితం పట్టి, కొంచెం పసుపు మట్టి రంగు కలిపి, జిగురు మీద చల్లి చూశాను. తడిసి గట్టిపడిన బీచ్ ఎలా ఉంటుందో అలాగే వచ్చింది. ధనుర్మాసంలో మిగిలిన డబ్బా మొత్తం నాదే ఇప్పుడు.


లాఫ్ట్ మేస్త్రి
జనవరి 29, ఉదయం 6:20

రంగు వేసే ముందు బూడిదరంగు ప్రైమరు మీద ఒక పరీక్ష చేయండి. గది చీకటి చేసి, ఒక్క ట్యూబులైటును బాడీకి సమాంతరంగా పెట్టి, దాని ప్రతిబింబం బాడీ మీద ముక్కు నుంచి తోకదాకా ఎలా పరుగెడుతుందో చూడండి. ప్రైమరు తడి మీద ఉన్నప్పుడే కనిపిస్తుంది, ఆరితే మెరుపు పోతుంది కాబట్టి కొంచెం నీళ్ళు పూసి చూసినా సరే. వెలుగు గీత ఎక్కడైనా విరిగితే అక్కడ గుంటో మిట్టో ఉన్నట్టు. బంగారు రంగు వేశాక అది పదిరెట్లు కనబడుతుంది, అప్పుడు చేయగలిగింది ఉండదు.


ఉక్కునగరం
ఫిబ్రవరి 2, రాత్రి 10:40

చేశాను మేస్త్రి గారూ. కుడివైపు వెలుగు గీత ముక్కు నుంచి తోక రెక్క దాకా ఎక్కడా తెగకుండా వెళ్ళింది. ఎడమవైపు మాత్రం మూపురం బానెట్‌లో కలిసిపోయే చోట, గురి పరికరానికి రెండు సెంటీమీటర్ల ముందు, గీత చిన్నగా మెలిక తిరిగింది. వేలితో తడిమితే ఏమీ తెలియడం లేదు. అచ్చు పెట్టి చూస్తే ఏడో కోతకూ ఎనిమిదో కోతకూ మధ్య ఉంది. అక్కడ నేను అచ్చు పెట్టలేదు, కంటితో కలిపేశాను. పాలిస్టర్ పుట్టీ గోరంత పెట్టి ఆరనిచ్చాను. రేపు ప్లాస్టిక్ పట్టీకి ఉప్పుకాగితం అతికించి, అది బాడీ వంపుతోపాటు వంగేలా పొడవునా పట్టుకుని రుద్దుతాను. ఎల్లుండి మధ్యాహ్నం మళ్ళీ ప్రైమరు.


లాఫ్ట్ మేస్త్రి
ఫిబ్రవరి 3, ఉదయం 6:05

ఏడుకూ ఎనిమిదికీ మధ్య ఇంకో అచ్చు కోసుకుని, ముందు కుడివైపు ఆనించి సరిపోయిందో లేదో చూసి, అప్పుడు ఎడమవైపు తిప్పిపెట్టి రుద్దండి. ప్రైమరు తరువాతి ఫొటో పెట్టినప్పుడు దీపం పక్క నుంచే పెట్టండి, పై నుంచి వద్దు.